ఉత్తర తెలంగాణ చిన్న ఆహార పరిశ్రమలు: యజమాని నడవడిక, వ్యాపార వృద్ధి

ప్రశ్న, దాని హద్దులు

ఒకే ఊరిలో, ఒకే రకం సరుకుతో, ఇంచుమించు ఒకే పెట్టుబడితో మొదలైన రెండు చిన్న ఆహార పరిశ్రమల్లో ఒకటి పదేళ్ళలో పదింతలు కావడానికి, మరొకటి మొదలైన చోటనే నిలిచిపోవడానికి కారణం యజమాని నడవడికలో ఉందా, లేక అతని చుట్టూ ఉన్న మార్కెట్, పరపతి, ప్రభుత్వ నియమాలలో ఉందా అన్నది ఆరు దశాబ్దాలకు పైగా అర్థశాస్త్రంలోనూ మనస్తత్వశాస్త్రంలోనూ నలుగుతున్న ప్రశ్న. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఈ ప్రశ్నను పరీక్షించడానికి అనువైన ప్రాంతాలు. 2016 అక్టోబరు 11న ఇవి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా విడిపోయినా, కాలువ నీటి కింద పెరిగిన బియ్యం మిల్లులు, పండుగ పిండివంటలను అమ్మకపు సరుకుగా మార్చిన ఇంటి వంటశాలలు, అడవి ఫలసాయం మీద ఆధారపడిన ఆదివాసీ మహిళా సంఘాలు ఈ నేల మీద పక్కపక్కనే కనిపిస్తాయి.

వీటిలో ఎక్కువ భాగం ‘పరిశ్రమ’ అన్న మాట స్ఫురింపజేసే రూపంలో ఉండవు. 2015-16 నాటి జాతీయ నమూనా సర్వే 73వ విడత ప్రకారం దేశంలో అసంఘటిత ఆహార శుద్ధి యూనిట్లు దాదాపు 25 లక్షలు కాగా, వాటిలో మూడింట రెండు వంతులు పల్లెల్లో ఉన్నాయి, సుమారు 80 శాతం కుటుంబ ఆధారితాలు. అంటే ఈ రంగంలో యజమాని, పనివాడు, ఇంటి పెద్ద అనే మూడు పాత్రలు తరచు ఒకే మనిషిలో ఉంటాయి కనుక, వ్యాపార నిర్ణయాన్ని ఇంటి నిర్ణయం నుంచి విడదీసి చూడడం తేలిక కాదు.

చర్చ చిక్కుపడడానికి మరొక కారణం ‘ప్రవర్తన’ అన్న ఒక్క మాటతో మూడు వేర్వేరు విషయాలను సూచించడం. మొదటిది స్వభావం, అంటే తెగువ, పట్టుదల, సాధించాలన్న తపన వంటి మనిషి వెంట ఉండే గుణాలు. రెండవది ఆచరణ, అంటే లెక్కలు రాయడం, తూకం తప్పకపోవడం, ఉద్దెరకు హద్దు పెట్టడం వంటి నిత్యకృత్యాలు. మూడవది ప్రతిస్పందన, అంటే ఒక పన్ను, ఒక సబ్సిడీ, ఒక కొనుగోలుదారు ఎదురైనప్పుడు యజమాని వేసే ఎత్తు. ఈ మూడింటినీ కలిపి మాట్లాడినంత కాలం ఏ వాదమూ మరొక వాదానికి నిజంగా జవాబు చెప్పినట్టు కాదన్నది ఈ సమీక్ష సారం.

చర్చ నడిచిన దారి

పెట్టుబడిదారీ అభివృద్ధికి మత విశ్వాసాలకు ఉన్న సంబంధాన్ని మాక్స్ వెబర్ చర్చించిన తరువాత, వ్యవస్థాపకుడిని ఆర్థిక మార్పుకు కేంద్రంగా నిలిపినవాడు జోసెఫ్ షుంపేటర్. 1911లో వెలువడిన అతని సిద్ధాంతంలో వ్యవస్థాపకుడంటే కొత్త వస్తువును, కొత్త పద్ధతిని, కొత్త మార్కెట్‌ను తెచ్చేవాడు. ఉన్నదాన్ని నడుపుకొనేవాడు కేవలం నిర్వాహకుడు. అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1961లో ప్రచురించిన గ్రంథంలో ఈ చొరవకు మూలం ‘సాధనాకాంక్ష’ అని, అంటే ఒక పనిని ముందుకన్నా మెరుగ్గా చేసి చూపాలన్న లోపలి తపన అని, అది బాల్యంలో నాటుకున్నా పెద్దయ్యాక కూడా నేర్పవచ్చని వాదించాడు.

ఈ వాదానికి పరీక్షాస్థలం తెలుగునేలే కావడం విశేషం. 1964లో కాకినాడ వ్యాపారులను విడతలుగా హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థకు రప్పించి, సాధనాకాంక్షను పెంచే స్వల్పకాలిక శిక్షణ ఇచ్చారు. నేడు యూసుఫ్‌గూడలో ఎన్‌ఐ-ఎంఎస్‌ఎంఈ పేరుతో నడుస్తున్నది ఆ సంస్థే. మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో ప్రకటించిన ఫలితాల ప్రకారం శిక్షణ పొందినవారిలో సుమారు సగం మంది తరువాతి రెండేళ్ళలో కొత్త వ్యాపారం పెట్టడమో, ఉన్నదాన్ని విస్తరించడమో చేయగా, శిక్షణ పొందనివారిలో అలా చేసినవారు నాలుగో వంతుకు కాస్త ఎక్కువ.

దీనికి భిన్నమైన దృష్టి అప్పటికే ఉంది. మద్రాసు రాష్ట్రంలోని పారిశ్రామికవేత్తలపై జేమ్స్ బెర్నా చేసి 1960లో ప్రచురించిన అధ్యయనం, వారు ఏ ఒక్క కులానికో, సంప్రదాయానికో, మానసిక మూసకో చెందినవారు కారని, పెట్టుబడి, అనుభవం, అవకాశం ఒకచోట కలిసినప్పుడు పలు రకాల మనుషులు ఆ పాత్రలోకి వచ్చారని చూపింది. ప్రభుత్వ విధానం ఈ రెండు దృష్టుల మధ్యా ఊగింది. 1967 నుంచి కొన్ని వస్తువుల తయారీని చిన్న పరిశ్రమలకే ప్రత్యేకించడం పరిస్థితిని మార్చే మార్గం. ఆ జాబితాలో మిగిలిన చివరి 20 వస్తువులను 2015 ఏప్రిల్‌లో తొలగించినప్పుడు వాటిలో పచ్చళ్ళు, బ్రెడ్, వేరుశనగ నూనె ఉన్నాయి. మరోవైపు వ్యవస్థాపకతా శిక్షణలు మనిషిని మార్చే మార్గం. 2020 జూన్ 29న ప్రారంభమైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం ఈ రెండింటినీ జోడించి, వ్యక్తిగత యూనిట్‌కు 10 లక్షల రూపాయలకు మించకుండా 35 శాతం రుణ అనుసంధాన సబ్సిడీని, దానితోపాటు శిక్షణను, స్వయం సహాయక సంఘ సభ్యురాలికి 40 వేల రూపాయల ప్రారంభ మూలధనాన్ని ఇచ్చింది.

మొదటి ధోరణి: స్వభావమే మూలం

మెక్లెలాండ్ తరువాత ఈ ధోరణి గుణాల జాబితాను పెంచుకుంటూ పోయింది. ఫలితం తన చేతిలో ఉందని నమ్మేవాడికి, విధి చేతిలో ఉందని నమ్మేవాడికి మధ్య తేడాను 1966లో జూలియన్ రాటర్ ప్రతిపాదించగా, 1983లో డానీ మిల్లర్, 1989లో కోవిన్, స్లెవిన్ కొత్తదనం, ముందుచూపుతో కూడిన చొరవ, తెగువ అనే మూడింటిని కలిపి ‘వ్యవస్థాపక దృక్పథం’గా కొలిచే పద్ధతిని స్థిరపరిచారు. నేడు భారతీయ విశ్వవిద్యాలయాల్లో చిన్న పరిశ్రమలపై వెలువడే సర్వే అధ్యయనాల్లో చాలావరకు ఈ చట్రంలోనివే.

ఈ ధోరణి బలం దాని సరళత. ఒకే వీధిలోని రెండు కారం గిర్నీల తేడాను మార్కెట్ వివరించలేనప్పుడు మనిషి వైపు చూడక తప్పదు. దాని బలహీనత కాకినాడ ప్రయోగంలోనే బయటపడింది. శిక్షణ ఫలితం ప్రధానంగా కనిపించింది అప్పటికే సొంత నిర్ణయం తీసుకోగల యజమానుల్లోనే. దుకాణం మీద పెత్తనం లేనివాడిలో తపన పెరిగినా అది పెట్టుబడిగా మారే దారి లేదు. ఉమ్మడి కుటుంబపు మిల్లులో పని చేసే చిన్న కొడుకుకు, మామగారి పేరున లైసెన్సు ఉన్న వంటశాలను నడిపే కోడలికి ఈ పరిమితి అక్షరాలా వర్తిస్తుంది.

రెండవ ధోరణి: ఆచరణే అసలు కొలమానం

మనసులో ఏముందన్నది వదిలి, దినచర్యలో ఏముందో చూడాలన్నది ఈ ధోరణి వాదన. నికొలస్ బ్లూమ్, సహ పరిశోధకులు ముంబయి పరిసరాల్లోని నేత మిల్లుల్లో చేసి 2013లో ప్రచురించిన ప్రయోగంలో, సరుకు నిల్వ, నాణ్యత, యంత్రాల నిర్వహణల్లో సాధారణ పద్ధతులు ప్రవేశపెట్టగా మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. అదే అధ్యయనంలో మిల్లు పరిమాణానికి గట్టి సంబంధం కనిపించింది కుటుంబంలోని వయోజన పురుషుల సంఖ్యతో. బయటివారిని నమ్మి బాధ్యత అప్పగించలేని చోట, ఇంట్లో ఎందరు మగవారుంటే అన్ని మిల్లులన్నమాట.

కరీంనగర్ ప్రాంతపు సకినాల తయారీ ఈ వాదాన్ని దగ్గరి నుంచి చూపే ఉదాహరణ. కొత్త బియ్యాన్ని నానబెట్టి, తడి పూర్తిగా ఆరకముందే గిర్నీలో పట్టించి, ఆ పిండిలో నువ్వులు, ఓమ, ఉప్పు కలిపి, పరిచిన బట్ట మీద వేళ్ళ మధ్య మెలి తిప్పుతూ చుట్టు మీద చుట్టుగా పోసి, కాస్త ఆరనిచ్చి నూనెలో కాలుస్తారు. మెలిక వదులైతే కాగిన నూనెలో విరుగుతుంది, పిండి తడి ఎక్కువైతే చుట్టు నిలవదు, తక్కువైతే పగులుతుంది. సంక్రాంతి వంటగా ఉన్న ఈ పిండివంట ఆడబిడ్డ సారెతో, పెళ్ళి సందళ్ళతో, గల్ఫ్‌కో అమెరికాకో వెళ్ళేవారి పెట్టెలతో ఏడాది పొడవునా గిరాకీ ఉన్న సరుకైంది. అయితే ఇందులో పెరుగుదలకు కళ్ళెం వేసేది యంత్రం ధర కన్నా చేతివేళ్ళ నేర్పు. కనుక యజమానురాలి తెగువ కన్నా, తన చేతి పనిని మరో పది చేతులకు అప్పగించే పద్ధతి ఏర్పరచుకోగలదా, ఎవరు చుట్టినా చుట్ల సంఖ్య, పరిమాణం, రుచి ఒక్క తీరున ఉండేలా చూడగలదా, నూనెను ఎన్ని వాయిలకు మార్చాలో రాసిపెట్టగలదా అన్నవే వంటశాల వృద్ధిని నిర్ణయిస్తాయి.

ఆచరణవాదుల జాబితాలో ఆహార రంగానికి ప్రత్యేకమైనవి మరికొన్ని ఉన్నాయి. ఇంటి ఖర్చుకు, వ్యాపారానికి వేర్వేరు ఖాతాలు. పంట చేతికి వచ్చిన నెలల్లో ముడిసరుకు కొని నిల్వ చేయడం. కిరాణా దుకాణాలకు ఇచ్చే ఉద్దెరకు గడువు. ఆహార భద్రత చట్టం కింద నమోదు, లేబుల్ మీద తయారీ తేదీ. మిరప, పసుపు, కొత్త బియ్యం వంటి సరుకుల్లో ఏడాది మొత్తం ముడిసరుకును రెండు మూడు నెలల్లో కొనాల్సి ఉంటుంది కాబట్టి, నిర్వహణ మూలధనం, అంటే రోజువారీ కొనుగోళ్ళకు చేతిలో తిరిగే డబ్బు, ఉద్దెరలో చిక్కుకుంటే ఎంత తపన ఉన్నవారికైనా కొత్త పంటను కొనే వీలుండదు.

మూడవ ధోరణి: పరిస్థితే ప్రవర్తనను మలుస్తుంది

విలియం బామల్ 1990లో చెప్పినదాని ప్రకారం వ్యవస్థాపక చొరవ ప్రతి సమాజంలోనూ ఉంటుంది. అది ఉత్పాదక మార్గంలోకి పోతుందా, నియమాల సందుల్లోకి పోతుందా అన్నది ఆ సమాజం ఏ పనికి ఎక్కువ ప్రతిఫలం ఇస్తుందో దాన్ని బట్టి ఉంటుంది. ఉత్తర తెలంగాణ బియ్యం మిల్లుల చరిత్ర ఈ మాటకు వ్యాఖ్యానంలా సాగింది. 1963లో పునాదిరాయి పడిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువ ద్వారా వడ్ల సాగును విస్తరింపజేసింది; మిల్లు పెట్టడానికి లైసెన్సును తప్పనిసరి చేసిన 1958 నాటి చట్టం 1997లో రద్దయింది; పెద్దపల్లి, సుల్తానాబాద్ పరిసరాల్లో మిల్లులు బారులు తీరాయి. యాసంగి వడ్లు ఎండాకాలపు వేడికి పచ్చిగా ఆడిస్తే నూకలు ఎక్కువవుతాయి కనుక, వడ్లను ఉడికించి ఆరబెట్టి ఆడించే ఉప్పుడు బియ్యం మిల్లుల మీద పెట్టుబడి పెట్టడం ఇక్కడ తెలివైన నిర్ణయమే అయింది.

ఈ మిల్లులకు ప్రధాన పని ప్రభుత్వం సేకరించిన వడ్లను ఆడించి బియ్యం అప్పగించే సీఎంఆర్ పద్ధతి. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించి, మిల్లరు ఆడింపు కూలిని, తవుడు, నూకలు, ఊక వంటి ఉపఉత్పత్తులను మిగుల్చుకుంటాడు. ముడిసరుకు కొనే భారం లేదు, గిరాకీ వెతుక్కునే శ్రమ లేదు. అందుకే ఈ ఏర్పాటులో లాభం వచ్చేది కొత్త బ్రాండుతోనో కొత్త వస్తువుతోనో కాక, కేటాయింపు, సామర్థ్యం, నిల్వ జాగాలతోనే. 2021 అక్టోబరులో ఇకపై ఉప్పుడు బియ్యం ఇవ్వబోమని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి రాసి ఇచ్చిన తరువాత, ఒక్క కొనుగోలుదారు మీద అల్లుకున్న నైపుణ్యం ఎంత పెళుసైనదో తేలిపోయింది.

ప్రతిస్పందనగా ప్రవర్తనను చూపే సూటి ఉదాహరణ కిరాణా దుకాణంలోనే దొరుకుతుంది. 2017 జులైలో వస్తు సేవల పన్ను వచ్చినప్పుడు నమోదైన బ్రాండు పేరుతో ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం పన్ను పడింది. 2022 జులై 18 నుంచి బ్రాండుతో నిమిత్తం లేకుండా 25 కిలోల వరకు ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికంతటికీ అది వర్తించింది. ఆ తరువాత తెలుగు రాష్ట్రాల మార్కెట్లలో 25 కిలోల బస్తా స్థానాన్ని 26 కిలోల బస్తా ఆక్రమించింది. స్వభావవాదులు దీన్ని చురుకుదనం అంటారు, ఆచరణవాదులు లెక్క తెలిసిన పని అంటారు. బామల్ దృష్టిలో ఇది పన్ను గీత పక్కకు జరగడానికి వెచ్చించిన తెలివి, దానివల్ల బియ్యం నాణ్యత గానీ మిల్లు ఉత్పాదకత గానీ పెరగలేదు.

పరపతి విషయంలోనూ ఈ ధోరణికి ఆధారాలున్నాయి. 2005లో మొదలుపెట్టి హైదరాబాద్‌లోని 104 బస్తీల్లో సూక్ష్మరుణాల ప్రభావాన్ని పరిశీలించిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం, అప్పు అందుబాటులోకి రావడంతో సగటు కుటుంబపు వ్యాపారం రూపురేఖలు మారలేదని, అప్పటికే వ్యాపారంలో ఉన్నవారిలో పైస్థాయి వారికే లాభం కలిగిందని తేల్చింది. డబ్బు ఒక్కటే అడ్డంకి కాదన్న ఈ ఫలితాన్ని మొదటి రెండు ధోరణులవారూ తమకు అనుకూలంగా వాడుకున్నారు.

నాలుగవ ధోరణి: ఒంటరి యజమాని కాదు, సంఘం

పై మూడు వాదాలూ యజమాని ఒక్కడేనని అనుకుంటాయి. ఈ ప్రాంతపు అనుభవం ఆ ఊహను ప్రశ్నిస్తుంది. అప్పటి కరీంనగర్ జిల్లాలోని భీమదేవరపల్లి మండలంలో, నేటి హనుమకొండ జిల్లాలో, 1956లో ఏర్పడిన ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం రుణాలతో మొదలై విత్తన శుద్ధి, బియ్యం మిల్లుల దాకా విస్తరించింది. దాని పక్కన 2002లో మొదలైన మహిళా సహకార డెయిరీ ‘స్వకృషి’ పేరుతో పాలు అమ్ముతోంది. ఇక్కడ తెగువ ఒకరిది కాదు, నష్టమూ ఒకరిది కాదు. వృద్ధికి ఆధారమైన ప్రవర్తన సభ్యులు తెచ్చిన పాలను పరీక్షించి కొలిచి డబ్బు సకాలంలో ఇవ్వడం, ఎన్నికైన పాలకవర్గం సభ్యులకు లెక్క చెప్పడం.

ఆదిలాబాద్ వైపు ఉట్నూరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ తోడ్పాటుతో ఆదివాసీ మహిళలు చేస్తున్న ఇప్పపువ్వు లడ్డూ మరొక నమూనా. వేసవి మొదట్లో తెల్లవారుజామున రాలిన పూలను ఏరి, ఎండబెట్టి, వేయించి, బెల్లం, పల్లీలు, నువ్వులతో కలిపి చేసే ఈ లడ్డూ గర్భిణులకు, ఆశ్రమ పాఠశాలల విద్యార్థులకు పోషకాహారంగా చేరింది. ఆదిలాబాద్ జిల్లాలో ఇప్పపువ్వుతో జరుగుతున్న వంటల ప్రయోగాన్ని ప్రధాని 2025 మార్చి 30 నాటి ‘మన్ కీ బాత్’లో ప్రస్తావించారు. సారాకు ముడిసరుకుగా మాత్రమే బయటి ప్రపంచానికి తెలిసిన పువ్వును ఆహారంగా నిలబెట్టడం షుంపేటర్ చెప్పిన కొత్తదనమే. అయితే ప్రధాన కొనుగోలుదారు ప్రభుత్వమే అయినప్పుడు, సంఘం నేర్చుకునే ప్రవర్తన సరఫరా గడువుకు సంబంధించినదవుతుందా, మార్కెట్‌కు సంబంధించినదవుతుందా అన్న ప్రశ్న బియ్యం మిల్లు విషయంలో లేచినట్టే ఇక్కడా లేస్తుంది.

కొలతల దగ్గర వచ్చే చిక్కులు

సర్వే అధ్యయనాలు సాధారణంగా యజమానులనే వారి తెగువ, చొరవల గురించి అడిగి, అయిదు మెట్ల కొలబద్దపై వారు వేసుకున్న మార్కులను వారు చెప్పిన అమ్మకాలతో పోలుస్తాయి. ఇందులో మూడు లోపాలు ఉన్నాయి. మూతపడిన యూనిట్లు నమూనాలో ఉండవు కనుక, తెగించి మునిగినవారి తెగువ లెక్కలోకి రాదు. వ్యాపారం బాగున్నవారు తమను తాము చొరవగలవారిగా చెప్పుకోవడం సహజం కనుక, ఏది కారణమో ఏది ఫలితమో విడదీయలేము. అన్నిటికన్నా ముఖ్యంగా, ఖాతా పుస్తకమే లేని చోట అమ్మకాల వృద్ధి జ్ఞాపకం మీద ఆధారపడిన అంచనా మాత్రమే.

వృద్ధి అన్న మాట కూడా స్థిరం కాదు. అమ్మకాలా, లాభమా, పనివారి సంఖ్యా, సరుకుల రకాలా అన్నది ఎంచుకున్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఒక మిల్లు పెరిగి పెద్దదవడానికి బదులు అన్నదమ్ముల పేరున రెండుగా చీలితే, యూనిట్ స్థాయిలో అది కుంచించుకుపోవడం, కుటుంబ స్థాయిలో పెరగడం. మహిళల వ్యాపారాలకు పెట్టుబడి ఇచ్చినా లాభం పెరగలేదన్న శ్రీలంక అధ్యయన ఫలితాన్ని 2019లో బెర్న్‌హార్ట్ బృందం తిరిగి పరిశీలించి, మహిళకు ఇచ్చిన డబ్బు తరచు భర్త వ్యాపారంలోకి వెళ్తుందని, ఇంటి మొత్తాన్ని లెక్కిస్తే ప్రతిఫలం తక్కువ కాదని చూపడం ఈ హెచ్చరికనే బలపరుస్తుంది.

తులనాత్మక సారాంశం

స్వభావవాదం వ్యాపారం ఎవరు మొదలుపెడతారన్నదాన్ని బాగా వివరిస్తుంది. మొదలైనది ఎంత దూరం పోతుందన్నదాన్ని అంతగా వివరించదు. ఆచరణవాదం ఇంటి వంటశాల నుంచి పదిమంది పనిచేసే యూనిట్‌గా మారే దశను వివరించడంలో బలంగా ఉంది, ఎందుకంటే ఆ దశలో అడ్డంకి నమ్మకం, అప్పగింత, లెక్కలే. కానీ మంచి అలవాట్లు తెలిసీ యజమానులు ఎందుకు పాటించరన్నదానికి దాని దగ్గర జవాబు తక్కువ. పరిస్థితివాదం బియ్యం మిల్లుల వంటి, ప్రభుత్వమే ప్రధాన కొనుగోలుదారైన రంగాల్లో తిరుగులేనిది. అదే పరిస్థితిలో ఇద్దరు వేర్వేరుగా నడుచుకోవడాన్ని మాత్రం అది చెప్పలేదు. సమష్టివాదం చిన్న చిన్న పెట్టుబడులు, పాడైపోయే సరుకు, విడివిడిగా బేరమాడలేని ఉత్పత్తిదారులు ఉన్నచోట పనికొస్తుంది. సంఘం నాయకత్వం మారినప్పుడు ఆ ప్రవర్తన నిలుస్తుందా అన్నది ముల్కనూరు వంటి కొద్ది ఉదాహరణల నుంచి సాధారణీకరించలేము.

తేలని ప్రశ్నలు

ప్రవర్తనను నేర్పవచ్చా అన్న కాకినాడ నాటి ప్రశ్నకు కొత్త ఊపిరి పోసింది 2017లో ప్రచురితమైన టోగో దేశపు ప్రయోగం. అక్కడ 1,500 మంది సూక్ష్మ వ్యాపారులను మూడు భాగాలు చేసి పోల్చినప్పుడు, లెక్కలు, మార్కెటింగ్ నేర్పే సంప్రదాయ శిక్షణ కన్నా సొంత చొరవను అభ్యాసం చేయించే శిక్షణే మేలైన ఫలితమిచ్చింది. లాభాలు 30 శాతం పెరిగాయి. ఇది స్వభావవాదపు గెలుపుగా కనిపించినా, అక్కడ నేర్పినది గుణాన్ని కాక, అవకాశాన్ని వెతకడం, అడ్డంకిని ముందే ఊహించడం వంటి అభ్యాసాలను కనుక ఆచరణవాదులు కూడా దీన్ని తమదిగా చెప్పుకోగలరు. ఆహార తయారీలో, అందునా కాలానుగుణమైన గిరాకీ ఉన్న పిండివంటలలో ఇలాంటి శిక్షణ ఎంతకాలం నిలుస్తుందన్నది వేరుగా పరీక్షించవలసిన విషయం.

రెండవ ప్రశ్న పెరగాలన్న కోరికకు సంబంధించినది. దాదాపు అన్ని సిద్ధాంతాలూ యజమాని పెరగాలనే కోరుకుంటాడని అనుకుంటాయి. పిల్లల చదువుకు, ఇంటి పనులకు తగిన వేళల్లో మాత్రమే పొయ్యి వెలిగించి, అంతకు మించిన ఆర్డర్లు వద్దనే గృహిణి నడవడిక వైఫల్యమా, ఆలోచించి గీసుకున్న గీతా అన్నది తేల్చకుండా ఆమెను తక్కువ మార్కుల గడిలో వేయడం కొలబద్ద లోపం. మూడవది విధానానికి సంబంధించినది: రాయితీలు కొత్త యూనిట్ల సంఖ్యను లక్ష్యంగా పెట్టుకున్నప్పుడు, ఉన్న యూనిట్‌ను రెండవ మెట్టు ఎక్కించే అలవాట్లకు ప్రోత్సాహం ఎక్కడి నుంచి రావాలి?

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల అధ్యయనం, ఒక్కసారి అడిగి వదిలేసే ప్రశ్నావళితో సాధ్యం కాదు. సుల్తానాబాద్ మిల్లును, కరీంనగర్ వంటశాలను, ఉట్నూరు సంఘాన్ని కనీసం అయిదారు పంటకాలాల పాటు వెంబడించి, మూతపడినవాటినీ లెక్కలో ఉంచుకుని, యజమాని తన గురించి చెప్పుకున్న మాటల పక్కన ఖాతా పుస్తకాన్ని, కొనుగోలుదారుల జాబితాను, ఆ ఏటి నియమాలను పెట్టి చదివినప్పుడే, పెరిగిన వ్యాపారంలో మనిషి పాలెంత, అలవాటు పాలెంత, కాలం పాలెంత అన్నది విడివిడిగా చెప్పడానికి వీలవుతుంది.